అలల డాంపింగ్ లెక్కలు: నేను నేర్చుకున్న దారి

40 సెంటీమీటర్ల పొడవు, 20 సెంటీమీటర్ల వెడల్పు ఉన్న గాజు తొట్టెలో 5 సెంటీమీటర్ల లోతు నీళ్లు పోసి, ఒక చివరను కాస్త పైకెత్తి దించితే నీళ్లు అటూ ఇటూ ఊగుతాయి. ఒక్కో ఊపుకు సుమారు 1.17 సెకన్లు. స్నిగ్ధత (ద్రవం పొరల మధ్య రాపిడి) వల్ల అలలు తగ్గే రేటుకు, అంటే డాంపింగ్‌కు, పుస్తకాల్లో ముందుగా కనిపించే ఫార్ములాను ఈ తొట్టెకు వేస్తే, ఊపు 37 శాతానికి పడిపోవడానికి రెండుంబావు గంటలు పట్టాలి. తొట్టె ముందు కూర్చుని చూస్తే అర నిమిషం అటూ ఇటూలోనే ఆ పని అయిపోతుంది. ఫార్ములాలో తప్పేమీ లేదు. శక్తి ఖర్చయ్యే చోటు అది లెక్కలోకి తీసుకున్న చోటు కాదు, అంతే. ఆ చోటు వెతకడం నేర్చుకుంటే ఈ సబ్జెక్టు చాలావరకు వచ్చేసినట్టే.

మొదలు మాత్రం స్ప్రింగు దగ్గరే పెట్టాలి. త్వరణం + 2 × గామా × వేగం + ఒమేగా² × స్థానభ్రంశం = 0. ఇందులో గామా డాంపింగ్ రేటు, ఒమేగా కోణీయ పౌనఃపున్యం. దీని సాధన ఘాతీయంగా తగ్గే కొసైన్. శిఖరాల ఎత్తులకు సహజ సంవర్గమానం తీసి కాలానికి ఎదురుగా గీస్తే సరళరేఖ వస్తుంది, దాని వాలు (రుణ గుర్తు వదిలేస్తే) గామా. 1 ÷ గామా సెకన్లలో ఎత్తు 37 శాతానికి వస్తుంది. ఇక్కడే ఒక అలవాటు చేసుకుంటే తర్వాత చాలా తలనొప్పి తప్పుతుంది. నోటుబుక్కులో పేజీ పైన ‘గామా అంటే ఎత్తు తగ్గే రేటు, శక్తి తగ్గే రేటు 2 గామా’ అని రాసుకోవాలి. కొన్ని పుస్తకాలు గామాను శక్తికి వాడతాయి, కొన్ని ఎత్తుకు. రెండు చోట్ల నుంచి రెండు ఫార్ములాలు తెచ్చి కలిపితే జవాబు సరిగ్గా రెండింతలో, లేదంటే సగమో వస్తుంది. ఈ సబ్జెక్టులో నిజమైన భౌతిక కారణాల వల్ల కూడా 2 అనే గుణకం తేడా వచ్చే చోట్లున్నాయి కాబట్టి, పేర్ల గందరగోళం వల్ల వచ్చే 2ను ముందే వదిలించుకోవడం మంచిది.

తర్వాత తీగ. తీగ మీద తరంగ సమీకరణానికి డాంపింగ్‌ను రెండు రకాలుగా చేర్చవచ్చు. ఒకటి, తీగ వేగానికి అనులోమంగా ఉండే నిరోధం. రెండోది, పక్కపక్క ముక్కల మధ్య వేగం తేడాకు, అంటే వేగం రెండో ప్రాదేశిక అవకలనానికి, అనులోమంగా ఉండే నిరోధం. ఫోరియర్ విధానంలో ఒక్కో మోడ్‌నూ (తీగ ఊగే ఒక్కో సహజ ఆకారాన్నీ) విడదీసి చూస్తే తేడా తేటగా తెలుస్తుంది. మొదటి రకంలో ఊగే మోడ్‌లన్నీ ఒకే రేటున తగ్గుతాయి. రెండో రకంలో రేటు తరంగసంఖ్య (2π ÷ తరంగదైర్ఘ్యం) వర్గానికి అనులోమం, కాబట్టి చిన్న ముడతలు ముందు పోతాయి, పెద్ద వంపు మిగులుతుంది. ఊగకుండానే నెమ్మదిగా చచ్చే అలలు ఏవన్నది కూడా తిరగబడుతుంది. మొదటి రకంలో అవి పొడవాటి అలలు, రెండో రకంలో పొట్టి అలలు. త్రిభుజాకారంలో లాగి వదిలిన తీగకు ఈ రెండింటినీ పది మోడ్‌లతో చేత్తో గీసి చూడటం నేను ఎవరికైనా చెప్పే మొదటి అభ్యాసం. ద్రవాల్లో స్నిగ్ధత ఈ రెండో రకం. దాన్ని మొదటి రకంగా ఊహించుకుని ‘ఘర్షణ పదం ఒకటి తగిలిద్దాం’ అనుకుంటే దారి అక్కడే తప్పుతుంది.

సంకీర్ణ సంఖ్యలు ఇక్కడి నుంచి తప్పవు. అలను ‘ఈ’ (2.718) అనే సంఖ్యకు ఘాతం ఐ(కెఎక్స్ − ఒమేగా టి) అని రాస్తే (ఐ అంటే −1 వర్గమూలం, కె తరంగసంఖ్య, ఎక్స్ దూరం, టి కాలం), తగ్గే అలకు ఒమేగా ఊహాభాగం రుణాత్మకం కావాలి. ప్లస్ వస్తే అల పెరుగుతూ పోతుంది, అంటే గుర్తు ఎక్కడో తారుమారైంది. ఇంకో సంగతి: ఒకసారి కదిలించి వదిలేసిన తొట్టెలో కె వాస్తవ సంఖ్య, ఒమేగా సంకీర్ణం. అల కాలంలో తగ్గుతుంది. ఒక చివర మోటారు ఆగకుండా అలలు పుట్టిస్తుంటే ఒమేగా వాస్తవం, కె సంకీర్ణం. అల దూరంలో తగ్గుతుంది. డాంపింగ్ స్వల్పంగా ఉన్నప్పుడు ఒకదాన్నుంచి ఇంకోదానికి వెళ్లాలంటే గామాను సమూహ వేగంతో (అల శక్తి ప్రయాణించే వేగంతో) భాగించాలి. దీన్ని ద్రవగతిక పరిశోధకుడు గాస్టర్ 1962లో స్పష్టంగా రాశాడు. దశా వేగంతో (శిఖరం కదిలే వేగంతో) భాగించడం చాలామంది చేసే పని. లోతైన నీటిలో సమూహ వేగం దశా వేగంలో సగమే కనుక అక్కడ ఇంకో 2 పుట్టుకొస్తుంది.

ఇక నీళ్లు. లోతైన నీటి మీద అలకు ఒమేగా² = జి × కె + (తలతన్యత ÷ సాంద్రత) × కె³, జి అంటే గురుత్వ త్వరణం. ఈ అలలో ప్రవాహం భ్రమణరహితం, అంటే వేగం ఒక పొటెన్షియల్ నుంచి వస్తుంది, ఆ పొటెన్షియల్ లాప్లాస్ సమీకరణాన్ని పాటిస్తుంది. శ్రద్ధగా చదివేవాళ్లు ఇక్కడ ఆగి అడుగుతారు: నేవియర్-స్టోక్స్ సమీకరణంలో (ద్రవ చలన సమీకరణంలో) స్నిగ్ధత పదం వేగం మీద లాప్లాసియన్ (రెండో ప్రాదేశిక అవకలనాల మొత్తం), అది ఇక్కడ సున్నా, మరి డాంపింగ్ ఎక్కడిది? మంచి ప్రశ్న, దీన్ని దాటవేయకూడదు. స్నిగ్ధతా బలాల మొత్తం ప్రతి బిందువు దగ్గరా సున్నాయే. కానీ ద్రవపు ముక్కలు సాగుతూ నొక్కుకుపోతూనే ఉన్నాయి, అందుకు శక్తి వేడిగా మారుతూనే ఉంటుంది. బలాల మొత్తం సున్నా అయినంత మాత్రాన వ్యయం సున్నా కాదు.

కాబట్టి బలాన్ని వదిలి శక్తిని లెక్కగట్టాలి. అల ఎత్తు (నిశ్చల మట్టం నుంచి శిఖరం దాకా) ‘ఎ’ అనుకుంటే, వికృతి రేట్ల (ద్రవపు ముక్కలు ఆకారం మారే రేట్ల) వర్గాలను కూడి రెండింతల స్నిగ్ధతతో (2 × మ్యూ) గుణిస్తే ఘనపరిమాణానికి వ్యయం వస్తుంది: 4 × మ్యూ × కె² × ఎ² × ఒమేగా², దీనికి లోతుతో పాటు తగ్గే ఘాతం ఒకటి. దాన్ని అడుగు నుంచి ఉపరితలం దాకా సమాకలనం చేస్తే 2 × మ్యూ × కె × ఎ² × ఒమేగా². అల మొత్తం శక్తి ఒక చదరపు మీటరుకు ½ × సాంద్రత × ఎ² × ఒమేగా² ÷ కె. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే శక్తి తగ్గే రేటు 4 × న్యూ × కె², ఎత్తు తగ్గే రేటు 2 × న్యూ × కె². న్యూ అంటే స్నిగ్ధతను సాంద్రతతో భాగించినది, 20 డిగ్రీల నీటికి సెకనుకు 10⁻⁶ చదరపు మీటర్లు. భౌతిక శాస్త్రవేత్త స్టోక్స్ 1851 నాటి లోలకాల పత్రంలోనే ఈ ఫలితం ఉంది. పుస్తకం మూసి ఈ నాలుగు మెట్లూ మళ్లీ రాయగలిగితే తప్ప ముందుకు వెళ్లకపోవడం మేలు.

అంకెలు వేసి చూస్తే ఈ ఫార్ములా స్వభావం తెలుస్తుంది. తరంగదైర్ఘ్యం 1 సెంటీమీటరైతే అల 1.3 సెకన్లలో 37 శాతానికి వస్తుంది. 10 సెంటీమీటర్లకు రెండు నిమిషాల పైచిలుకు. 1 మీటరుకు మూడున్నర గంటలు. 300 మీటర్ల సముద్రపు అలకు ముప్పై ఆరేళ్లు. సముద్ర శాస్త్రవేత్త వాల్టర్ మంక్ బృందం 1963లో దక్షిణ మహాసముద్రపు తుపాన్ల అలలను న్యూజిలాండ్ నుంచి అలాస్కా దాకా వరుస కేంద్రాల్లో పట్టుకోగలిగిందంటే, అంత పొడవాటి అలలకు స్నిగ్ధత అసలు లెక్కలోకే రాదు కనుక. సముద్రంలో అల శక్తి పోయేది విరగడం వల్లా, తీరం దగ్గర అడుగు వల్లా.

శక్తి దారి కాకుండా సరిహద్దు షరతుల దారిలో వెళ్తే ఒక గుంట ఉంది. ఉపరితలం మీద లంబ ప్రతిబలంలో స్నిగ్ధత భాగాన్ని చేర్చి, మిగతాదంతా పొటెన్షియల్ ప్రవాహంలాగే ఉంచితే డాంపింగ్ న్యూ × కె² వస్తుంది. సరిగ్గా సగం. మిగతా సగం స్పర్శీయ ప్రతిబలంలో ఉంది. స్వేచ్ఛా ఉపరితలం మీద అది సున్నా కావాలి, పొటెన్షియల్ ప్రవాహం ఒక్కటే ఆ షరతు తీర్చలేదు. అందుకని ఉపరితలం కింద పలుచని సుడి పొర ఒకటి ఏర్పడి, నిట్టనిలువు వేగానికి చిన్న సవరణ తెస్తుంది. ఆ సవరణను ఉపరితలపు చలన షరతులో 2 × న్యూ × (ఎత్తు రెండో అవకలనం) అనే పదంగా చేర్చవచ్చు. ఇక రెండు సగాలూ కలిసి 2 × న్యూ × కె² అవుతుంది. సిమ్యులేషన్ కోడ్‌లు రాసేవాళ్లు తరచూ ఒక పదం పెట్టి రెండోది మరిచిపోతారు.

ఇంతవరకూ వచ్చాక తొట్టె దగ్గరికి వెళ్తే రెండుంబావు గంటల అంకె నవ్వొచ్చేలా ఉంటుంది. ఎందుకంటే ఈ లెక్కలో అడుగు లేదు, గోడలు లేవు.

గోడ దగ్గర నీళ్లు జారవు. గోడకు దూరంగా అటూ ఇటూ ఊగే నీళ్లకూ, గోడను అంటుకుని కదలని నీళ్లకూ మధ్య వేగం మారే పొర మందం √(2 × న్యూ ÷ ఒమేగా). మన తొట్టెకు ఒమేగా సెకనుకు 5.37 రేడియన్లు, పొర మందం 0.61 మిల్లీమీటర్లు. పొర లోపలి లెక్కకు స్టోక్స్ రెండో సమస్య అని పేరు: గోడకూ నీటికీ మధ్య అటూ ఇటూ ఊగే చలనం. సాధనలో గోడ నుంచి దూరంతో పాటు ఎత్తు తగ్గే రేటు, దశ వెనకబడే రేటు రెండూ ఒకటే. ఐ వర్గమూలం (1 + ఐ) ÷ √2 కావడమే దానికి కారణం. నిజం చెప్పాలంటే ద్రవాల్లో అసలైన డాంప్డ్ తరంగం ఇదే. ఒక తరంగదైర్ఘ్యం దూరం పోయేసరికి ఎత్తు 0.2 శాతానికి పడిపోతుంది. దీన్ని చేత్తో సాధించని వాళ్లకు తర్వాతి భాగం మంత్రంలా కనిపిస్తుంది.

వేగం మొత్తం అర మిల్లీమీటరు చిల్లరలో సున్నా నుంచి పూర్తి విలువకు చేరుతోంది కాబట్టి వేగ ప్రవణత ఇక్కడే భయంకరంగా ఎక్కువ. వ్యయం దాని వర్గానికి అనులోమం. ఊగే ప్రవాహం ఒక చదరపు మీటరు గోడ దగ్గర కోల్పోయే సగటు శక్తి ½ × సాంద్రత × యు² × √(న్యూ × ఒమేగా ÷ 2), యు అంటే పొర బయట గరిష్ఠ వేగం. ఇక ఒక్కో గోడకూ దీన్ని వేసి మొత్తం శక్తితో భాగించుకుంటూ పోవడమే. మన తొట్టెలో తరంగసంఖ్య కె మీటరుకు 7.85 (తరంగదైర్ఘ్యం తొట్టె పొడవుకు రెట్టింపు), కె × లోతు 0.393. అడుగుకు గామా = కె × √(న్యూ ఒమేగా ÷ 2) ÷ సైన్‌హెచ్(2 × కె × లోతు) (సైన్‌హెచ్ అంటే హైపర్బోలిక్ సైన్), అంటే సెకనుకు 0.0148. రెండు పక్క గోడలకు √(న్యూ ఒమేగా ÷ 2) ÷ వెడల్పు, అంటే 0.0082. చివరి గోడల దగ్గర నీళ్లు నిలువుగా మాత్రమే కదులుతాయి, అదీ కొంచెమే: 0.0004. నీటి లోపలి వ్యయం, అదే పుస్తకంలోని 2 × న్యూ × కె²: 0.00012. మొత్తం 0.0235. అంటే 43 సెకన్లు.

ఆ నాలుగో అంకెను మొదటిదానితో పోల్చి చూడండి. నూట ఇరవయ్యో వంతు.

43 కూడా సాధారణంగా కనిపించదు, ఇంకా తక్కువ వస్తుంది. కుళాయి నీళ్లు పోసి కాసేపు వదిలేస్తే పైన కంటికి కనపడని జిడ్డు పొర చేరుతుంది. చేతి వేలు తగిలినా చాలు. ఆ పొర సాగకుండా బిగుసుకుంటే ఉపరితలం కూడా గోడలాగే పనిచేస్తుంది, దాని కింద ఇంకో స్టోక్స్ పొర పుడుతుంది. అస్సలు సాగని పొరకు అదనపు గామా = ½ × కె × √(న్యూ ఒమేగా ÷ 2) ÷ టాన్‌హెచ్(కె × లోతు) (టాన్‌హెచ్ అంటే హైపర్బోలిక్ టాంజెంట్), మన తొట్టెకు 0.0172. కలిపితే 0.0407, అంటే 25 సెకన్లు. 10 సెంటీమీటర్ల అలకు లోతైన నీటిలో ఇదే లెక్క వేస్తే 127 సెకన్లు కాస్తా 9 సెకన్లవుతుంది. బెంజమిన్ ఫ్రాంక్లిన్ లండన్‌లోని క్లాపమ్ చెరువులో ఒక చెంచా నూనె పోసి అలలు అణగడం గురించి 1774లో ప్రచురించాడు. అక్కడ గాలి అలలను పుట్టించడం కూడా కలిసి ఉంది కానీ మూలం ఈ పొరే. ఇందులో ఒక వింత ఉంది: గరిష్ఠ డాంపింగ్ అస్సలు సాగని పొరకు రాదు. మధ్యస్థంగా సాగే పొరకు వస్తుంది, దాదాపు రెండింతలు. పొరలో పుట్టే సాగుడు తరంగం నీటి అలతో అనునాదానికి రావడమే కారణం. అందుకని ఉపరితలం శుభ్రంగా ఉందో లేదో తెలియని తొట్టెలో కొలిచిన అంకెకు ఏ ఫార్ములానూ నిందించకూడదు.

కొలత సంగతి. గాజు పక్క నుంచి ఫోను కెమెరాను స్టాండు మీద పెట్టి, సెకనుకు 60 ఫ్రేములతో తీస్తే సరిపోతుంది. నీటిలో రంగు కలిపితే అంచు స్పష్టంగా తెలుస్తుంది, కానీ కొన్ని ఆహార రంగుల్లో ఉపరితలం మీద చేరే పదార్థాలు ఉండవచ్చు, ఉంటే జిడ్డు లెక్క మారిపోతుంది. వెనక నుంచి వెలుగు పెట్టి రంగు లేకుండా తీయడమే నయం. అల ఎత్తు 3 మిల్లీమీటర్లు దాటకుండా చూడాలి. 5 సెంటీమీటర్ల లోతుకు అంతకన్నా పెద్ద ఊపు పెడితే సరళ (రేఖీయ) సిద్ధాంతం సడలుతుంది, పై మోడ్‌లు కూడా లేస్తాయి. ఎత్తి దించిన వెంటనే వచ్చే నాలుగైదు ఊపులను లెక్కలోకి తీసుకోకూడదు, ఆ పై మోడ్‌లు చచ్చిపోవాలి. 3 మిల్లీమీటర్ల ఎత్తుకు అడుగు పొర రెనాల్డ్స్ సంఖ్య (వేగం × పొర మందం ÷ న్యూ) 24 చుట్టూ ఉంటుంది, కాబట్టి అల్లకల్లోల ప్రవాహం బెంగ లేదు.

సంవర్గమానం గ్రాఫు మధ్యలో సరళరేఖగా ఉండి చివర కిందికి వంగితే అది నీటి అంచు గాజును పట్టుకుని జారుతూ ఆగుతూ ఉండటం. ఊపు చిన్నదయ్యేకొద్దీ ఆ పట్టు వాటా పెరుగుతుంది, అది పొడి ఘర్షణలా ప్రవర్తిస్తుంది, ఎత్తు ఘాతీయంగా కాక సరళరేఖలో తగ్గుతుంది. వాలు తీసేటప్పుడు ఆ చివరి భాగాన్ని కలపకూడదు. కలిపితే గామా ఎక్కువ వస్తుంది, జిడ్డు పొర మీద నెపం పోతుంది.

పౌనఃపున్యంతో కూడా సరిచూసుకోవచ్చు అనిపిస్తుంది. సరిహద్దు పొరలు గామా ఎంత పెంచుతాయో ఒమేగాను కూడా అంతే తగ్గిస్తాయి, ఆ (1 + ఐ) పుణ్యమే. ఇక్కడ అది 0.4 శాతం. కానీ లోతు కొలవడంలో 1 మిల్లీమీటరు తేడా వస్తే ఒమేగా దాదాపు 1 శాతం మారుతుంది. స్కేలుతో కొలిచిన లోతుతో ఈ సరిచూపు పనికిరాదు. నీటిని తూచి, తొట్టె వైశాల్యంతో భాగించి లోతు తీయాలి.

వ్యయం గోడల దగ్గరే జరుగుతోందని రుజువు కావాలంటే ద్రవాన్ని మార్చాలి. బరువులో సగం గ్లిసరిన్, సగం నీళ్లు కలిపితే 20 డిగ్రీల దగ్గర న్యూ నీటికి సుమారు 5.3 రెట్లు. డాంపింగ్ లోపలి వ్యయం వల్ల అయితే గామా కూడా 5.3 రెట్లు పెరగాలి. సరిహద్దు పొరల వల్ల అయితే దాని వర్గమూలం, 2.3 రెట్లు. ఈ ప్రయోగంలో ఉష్ణోగ్రత రాసుకోకపోతే ఫలితానికి విలువ లేదు. ఉత్త నీటికే 20 నుంచి 30 డిగ్రీలకు న్యూ 20 శాతం పడిపోతుంది, గ్లిసరిన్ కలిపితే ఇంకా ఎక్కువ.

చివరిది కంప్యూటర్. తరంగ సమీకరణాన్ని గ్రిడ్ మీద సాధించేటప్పుడు మనం పెట్టని డాంపింగ్ కూడా వస్తుంది. ఒకే దిశలో పోయే అలకు మొదటి శ్రేణి అప్‌విండ్ పద్ధతి (అల వస్తున్న వైపు బిందువుతో అవకలనం తీసే పద్ధతి) వాడితే, ఆ పద్ధతి తనంతట తాను చేర్చే కృత్రిమ స్నిగ్ధత ½ × వేగం × గ్రిడ్ అడుగు × (1 − కూరాంట్ సంఖ్య). కూరాంట్ సంఖ్య అంటే వేగం × కాలపు అడుగు ÷ గ్రిడ్ అడుగు. వేగం సెకనుకు 1 మీటరు, గ్రిడ్ అడుగు 1 సెంటీమీటరు, కూరాంట్ సంఖ్య 0.5 అయితే అది సెకనుకు 0.0025 చదరపు మీటర్లు. నీటి స్నిగ్ధతకు 2500 రెట్లు! తెర మీద అల అందంగా తగ్గుతూ కనిపిస్తుంది, అందులో నీటి వాటా దాదాపు ఏమీ ఉండదు. అందుకని ఏ కోడ్ అయినా ముందు స్నిగ్ధతను సున్నా పెట్టి వంద ఊపులు నడిపి శక్తి ఎంత పోయిందో చూడాలి. ఆ తర్వాత గ్రిడ్ అడుగును సగం చేసి మళ్లీ నడపాలి. పోయిన శక్తి గ్రిడ్‌తో పాటు మారుతుంటే అది పద్ధతి తిన్న శక్తి. 0.61 మిల్లీమీటర్ల పొరను పట్టుకోవాలంటే గోడ దగ్గర కనీసం ఐదారు గ్రిడ్ బిందువులు ఆ మందంలోనే ఉండాలి, తొట్టె మధ్యలో సెంటీమీటరు అడుగు చాలు. అంత సన్న గ్రిడ్ వేసే ఓపిక లేకపోతే గోడ పొరను సాధించకుండా, పైన చేత్తో తీసిన 0.0235ను ఒక్కో మోడ్‌కూ దానికి తగ్గట్టు లెక్కగట్టి నేరుగా పెట్టేయడం నిజాయితీ గల పని, కోడ్ కూడా వందల రెట్లు వేగంగా నడుస్తుంది.